నాలుగున్నర గంటలు

పొద్దున్నే రాములు సారు చేతిలోని టీ గ్లాసు జారి కింద పడింది. తీయబోతే కుడిచెయ్యి లేవలేదు. మూతి ఒక పక్కకు గుంజుకుపోయింది.

కొడుకు వీరేందర్ ముందుగా గోడ గడియారం చూశాడు. ఆరూ ఇరవై. చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాడు.

అలా రాసుకోవాలని చెప్పింది డాక్టర్ తులసీరాం. ఎదురుగా కూర్చోబెట్టి కాదు, ఫోన్‌లో. బీపీ మాత్ర ఎందుకు మానకూడదు, జ్వరం ఎన్నో రోజున రక్తపరీక్ష చేయించాలి, డాక్టర్ దగ్గరికి ఏ కాగితాలు తేవాలి, ఇలాంటివన్నీ వారానికోసారి పాడ్‌కాస్ట్‌లో చెప్తాడాయన. మేళ్లచెరువులో సిమెంటు లారీలు తిప్పే వీరేందర్, లోడింగు లైన్లో ఆగినప్పుడల్లా వింటాడు. పక్షవాతం ఎపిసోడ్ రెండుసార్లు విన్నాడు.

"మొదలైన టైం రాసుకోండి. గడ్డను కరిగించే సూది నాలుగున్నర గంటల్లోపే. ఎంత ముందు పడితే అంత మేలు. ఎడమవైపు మెదడు దెబ్బతింటే మాటా పోతుంది, కుడిచెయ్యీ పోతుంది. స్కానింగు, సూది రెండూ ఉన్నచోటికే నేరుగా వెళ్లండి."

ఆరూ ఇరవైకి నాలుగున్నర కలిపితే పదీ యాభై. సూర్యాపేట గంటన్నర దారి. చేతిలో మూడు గంటలు మిగులు. రోజూ లోడు ఎక్కడం, దిగడం లెక్కలేసేవాడికి ఇదేం కష్టమైన లెక్క కాదు. సరుకు ఆలస్యమైతే రేటు తగ్గుతుంది. ఇక్కడ తగ్గేది తండ్రి మాట.

ఆ మాట కోసం ఇంకొకరు కూడా కాచుకొని ఉన్నారు.

పది రోజుల కింద తెల్లారుజామున, ఫ్యాక్టరీ డ్యూటీ దిగి సైకిల్ మీద వస్తున్న పర్వతాలు అనే కార్మికుణ్ణి ఒక బండి గుద్ది పోయింది. రోడ్డు మీద మిగిలింది సైకిలూ, పగిలిన హెడ్‌లైట్ ముక్కలూ, పర్వతాలు శవమూ. చూసినవాడు ఒక్కడే, నడకకు వెళ్లిన రాములు సారు. నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి, పోలీసులు అడిగినా నోరు విప్పలేదు. పర్వతాలు భార్య కాటమ్మ రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేది.

"ఎవరి బండి సారూ?"

"సోమవారం దాక ఆగు బిడ్డా. ఆయనకు టైమిచ్చిన. తానే పోయి ఒప్పుకుంటడేమో సూద్దం. లేకుంటె నేనే స్టేషన్‌కు పోయి చెప్త."

ఇవాళ ఆదివారం.

పక్కింటి ఏసుపాదం పరుగెత్తుకొచ్చాడు. "108కు ఫోన్ కొట్టు వీరేందరూ."

"అది వచ్చేదెప్పుడు, పోయేదెప్పుడు? కారున్నది గద."

"మరి కోదాడ దవాఖాన దగ్గర్నే గద."

"ఆ సూది గాడ దొరుకుతదో లేదో. సీదా సూర్యాపేటకే పోత."

ఆధార్ దొరికింది. బీపీ ఫైలు దొరకలేదు. బీరువా అంతా కింద పోశాడు.

"కాగితాలు ఏడికి పోతయయ్యా? నడువు ముందు," అన్నాడు ఏసుపాదం.

"ఫైలు లేకుంటె ఏం మందులు వాడుతున్నడో డాక్టర్‌కు ఎట్ల తెలుస్తది?"

చివరికి ఫైలు పరుపు కింద దొరికింది. ఏడూ యాభై అయింది. ఇద్దరూ కలిసి రాములు సారును వెనక సీట్లో పడుకోబెట్టారు.

"నేనూ వస్త."

"నువ్వు చర్చికి పో అన్నా. నాయిన కోసం ప్రార్థన చేయించు."

కారు కదులుతుంటే కాటమ్మ ఎదురొచ్చి కిటికీ పట్టుకుంది. సారు మూతి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సారు మాట పోనియ్యకన్నా. నా పెనిమిటి సంగతి ఆయన నోట్లనే ఉన్నది."

"నేనున్న గద కాటమ్మా."

గుంతల రోడ్డు. తండ్రి తల ఊగకుండా మెల్లగా నడిపాడు. వెనక సీట్లో ముసలాయన ఎడమచెయ్యి ముందు సీటును తడుముతోంది.

"సో... సో..."

"సోమవారమే కద నాయినా? అర్థమైంది. నువ్వు పరేషాన్ గాకు."

పదీ పదికి భార్య శైలజ ఫోన్ చేసింది. చెల్లెలి ఇంట్లో ఫంక్షన్ ఉందని మిర్యాలగూడ వెళ్లిందామె.

"ఏడ ఉన్నరు?"

"చివ్వెంల కాడ. సూర్యాపేట ఇంక రాలే, ముందర లారీలు అడ్డమున్నయి."

"టైం సూసుకోండి."

"అదే సూస్తున్న."

నిజంగానే అతని చూపు డాష్‌బోర్డు మీది గడియారం దాటి పోలేదు. మధ్యలో వెనక్కి తిరిగి, తండ్రి నోటి చివర కారుతున్న చొంగను తన కర్చీఫ్‌తో తుడిచాడు. ఏసీ కొంచెం పెంచాడు.

క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీదికి ఎక్కించేసరికి పదకొండు. డ్యూటీ డాక్టర్ అఖిల టార్చి వేసి కళ్లు చూసింది. చెయ్యి ఎత్తి వదిలింది. అది దబ్బున పడింది.

"ఎప్పుడు మొదలైంది?"

వీరేందర్ చీటీ తీసి ఇచ్చాడు. "ఆరూ ఇరవై మేడం."

"ఇంత కచ్చితంగా టైం చెప్పేవాళ్లే ఉండరు."

"పాడ్‌కాస్ట్‌లో విన్న మేడం."

ఆమె గోడ గడియారం చూసింది. "స్కానింగు తీస్తాం. కానీ సూది టైం దాటిపోయింది. పది గంటలకు తెచ్చినా ఆశ ఉండేది."

వీరేందర్ తల పట్టుకొని బెంచీ మీద కూలబడ్డాడు.

"మాట వస్తదా మేడం?"

"చెప్పలేం. ఆశ తక్కువ."

"రాయగలడా?"

"ఆ చేత్తో కష్టమే."

అతని భుజాలు కదిలాయి. నర్సు వచ్చి మంచినీళ్లు ఇచ్చింది. స్ట్రెచర్ మీద రాములు సారు కొడుకునే చూస్తున్నాడు. మూతి కదులుతోంది, శబ్దం రావడం లేదు.

బయట ఎండలో వీరేందర్ కారు కొత్తగా బిగించిన హెడ్‌లైట్ తళతళలాడుతోంది, వైపర్ కింద రెపరెపలాడుతున్న ఆ ఆసుపత్రి పార్కింగ్ చీటీ మీద లోపలికి వచ్చిన టైం తొమ్మిదీ యాభై అని ఉంది.