కొత్త పేరైతేనే ఆగుతుంది

మా ఆయన బ్యాంకు స్టేట్‌మెంటును కంప్యూటర్‌లో ఇంటి లెక్కల్లోకి ఎక్కిస్తున్నాడు. పక్కన కూర్చున్న నా గుండెల్లో రైళ్లు పరిగెడుతున్నాయి. పోయిన వారం ఆయనకి తెలియకుండా నేను విడాకుల లాయరుకి మొదటిసారి కట్టిన ఫీజు పొరపాటున మా ఉమ్మడి ఖాతాలోంచే పోయింది.

ఆ సాఫ్ట్‌వేర్‌ను ఆయన తప్ప ఎవరూ ముట్టరు. ఆయన ఇదివరకు ఒకసారి పద్దు చెప్పిన పేర్లను అదే సర్దేస్తుంది. ఎరగని పేరు తగిలితేనే ఆగి, ఏ పద్దులో రాయాలని అడుగుతుంది.

ఆగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఈ ఆప్టికల్స్ ఏంటి?" అన్నాడు.

"నా కళ్లజోడండీ."

మిగతా వరసలన్నీ చకచకా ఎక్కేశాయి.

"అయిపోయింది. ఇంకేం అడగలేదు" అంటూ కంప్యూటర్ మూసేశాడు.

బతుకుజీవుడా అనుకుంటూ లేచాను. గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోయాయి.

మరి, ఆ లాయరు పేరు దానికి ముందే ఎలా తెలుసు?