పొట్టు కుప్ప మీద పల్టీ

"నాయనా, చెయ్యి పెట్టినావా?"

"పెట్టినా మే."

"కుడి చెయ్యేనా?"

"కుడి చెయ్యే. దుంకు."

మహిమ దుంకలేదు. కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. అది ముగిసేలోపు ఎర్రగుంట్ల జంక్షన్‌లో ఓ బొగ్గు గూడ్సు రైలు మొత్తం దాటిపోయింది. ఏసేపు చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

అప్పుడు దుంకింది. వెనక్కి కాదు, పక్కకి. సిమెంటు బస్తా జారినట్టు వచ్చి తండ్రి మీదే పడింది. ఇద్దరూ శెనక్కాయ పొట్టు కుప్పలో కూరుకుపోయారు.

ఏసేపు నోట్లోని పొట్టు ఊసి, అక్కడే చతికిలబడ్డాడు.

"ఇంగ సాలు పాపా. ఇంటికి పోదాం పా. నా వల్ల కాదు."

"ఇంగొక్కసారి నాయనా."

ఆ ఒక్కసారి దసరా సెలవుల నుంచీ నడుస్తోంది.

ఏసేపు ఎండాకాలంలో లారీకి లోడెత్తుతూ బస్తాతో సహా కింద పడ్డాడు. కడప ఆసుపత్రిలో చాలాకాలం ఉండి వచ్చాడు. కుడి భుజం ఎముక అతుక్కుందని డాక్టరు అన్నాడు. కదిలిస్తే మళ్ళీ ఊడుతుందని ఏసేపు అన్నాడు. ఏసేపు మాటే నెగ్గింది. అప్పట్నుంచీ మంచం దిగడమే గగనం. ఆదివారం చర్చిలో అందరూ రెండు చేతులూ ఎత్తి స్తోత్రం చెబుతుంటే, అతను ఎడమచెయ్యి ఒక్కటే ఎత్తేవాడు. దేవుడికి సగమే ముట్టేది.

అలాంటి మనిషి ప్రాణానికి క్రిస్మస్ చెక్కభజన వచ్చిపడింది. ఆలూరు నుంచి గురువు దేవేంద్రప్ప వచ్చి, చర్చి ఆవరణలో ఆడపిల్లలకు నేర్పిస్తున్నాడు. చేతుల్లో చెక్కలు మోగిస్తూ గుండ్రంగా ఆడాలి. పాట ఆఖర్న అందరూ ఒకేసారి వెనక్కి పల్టీ కొట్టాలి.

"పల్టీ రానోళ్ళు వరసలో వద్దంట నాయనా," అంది మహిమ దసరా సెలవుల్లో ఓ రోజు మంచం పట్టె మీద కూర్చుని. "మా జతలో జెస్సీకి గూడా వచ్చేసినాది. నాకేమో శానా భయం. నువ్వు నడుం కాడ చెయ్యి పెడితే కొడతా."

"మీయమ్మను పెట్టమను."

"అమ్మ పొట్టి."

సంతోషమ్మ పొట్టి కాదు. అయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

పల్టీ నేర్చుకోవాలంటే మెత్తటి చోటు కావాలి. ఆ చుట్టుపక్కల మెత్తటిదంటూ ఏదీ లేదు. ఇంట్లో నాపరాయి, వీధిలో నాపరాయి, ఊరవతల సున్నపురాయి. ఆ రాయిని కష్టపడి పిండి చేసినా, సిమెంటు పేరుతో మళ్ళీ రాయిని చేసేస్తారు. వెతగ్గా వెతగ్గా శెనక్కాయల మిల్లు వెనక ఈ పొట్టు కుప్ప దొరికింది.

మహిమ పద్ధతి తప్పదు. ముందు కుప్ప మీద దొర్లడం. తర్వాత మిల్లు అరుగు మీంచి వెనక్కి వాలడం. ఆ తర్వాతే దుంకడం. గడ్డం రొమ్ముకి ఆనించాలి, మోకాళ్ళు ముడుచుకోవాలి, పట్టుకునే మనిషి పక్కన నిలబడాలి.

"అన్నీ తెలుసు నీకు," అనేవాడు ఏసేపు నీరసంగా, "దుంకేది తప్ప."

రోజూ అదే తంతు. ఆమె దుంకడం, అతని మీద పడడం. జెస్సీ, దాని జతగత్తెలు మిల్లు గోడెక్కి పకపకా నవ్వేవాళ్ళు.

"నగొద్దండే! పిల్ల భయపడ్తాంటే నగుతారా?" అంటూ ఏసేపు పొట్టు తీసి వాళ్ళ మీదికి విసిరేవాడు.

ఒకరోజు మహిమ చెప్పకుండానే దుంకింది. ఏసేపు కెవ్వుమని అరిచి, తల నేలకు తగలకుండా పట్టుకున్నాడు.

"చెప్పి దుంకు మే! నీకేమన్నా అయితే నేను బతకల్లనా, సావల్లనా?"

మహిమ ఏడుపు మొహం పెట్టింది. "నేను ఇప్పుడు ఎత్తుకు ఎగురుతాండా నాయనా. నువ్వు చెయ్యి ఇంకా పైన పెట్టల్ల."

ఏసేపు అబ్బా అని మూలుగుతూ ఇంకా పైన పెట్టాడు. రాత్రికి సంతోషమ్మ భుజానికి కాపడం పెట్టింది. తెల్లారి మళ్ళీ కుప్ప. ఆ సంవత్సరం పండిన శెనక్కాయలన్నిటి పొట్టూ తన చొక్కాలోనే ఉందని అతని నమ్మకం.

క్రిస్మస్ దగ్గరపడింది. ఆ సాయంత్రం మహిమ కొత్త మాట చెప్పింది.

"ఈరోజు తాకొద్దు నాయనా. రెండు చేతులూ బాగా పైకెత్తి నిలబడు. పడితే పట్టుకో."

ఏసేపు ఎత్తాడు.

మహిమ ప్రార్థన చెయ్యలేదు. లేచింది, గాల్లో తిరిగింది, రెండు కాళ్ళ మీద నిలబడింది.

"వచ్చినాదే! సంతోషమ్మా, పాపకు వచ్చినాదే!" అని అరుస్తూ, చేతులు దించడం మర్చిపోయి ఏసేపు అలాగే ఇంటిదాకా నడిచాడు. ఆపమంటున్నాడేమోనని దారిలో సిమెంటు లారీలన్నీ బ్రేకులేశాయి.

క్రిస్మస్ రోజున చెక్కలు మోగాయి. పాట ఆఖర్న వరసంతా ఒకేసారి వెనక్కి తిరిగి, ఒకేసారి నేల మీద దిగింది. ఏసేపు రెండు చేతులూ ఎత్తి చర్చి కప్పు లేచిపోయేలా స్తోత్రం చెప్పాడు. జనాన్ని తోసుకుంటూ పోయి దేవేంద్రప్ప చేతులు పట్టుకున్నాడు.

"గురువా, మా పాప ఒట్టి పిరికిది. దాన్తో గూడా పల్టీ కొట్టించినావంటే నువ్వు మామూలోడివి గాదప్పా."

దేవేంద్రప్ప అతన్ని ఎగాదిగా చూశాడు.

"నాకు పల్టీ యాడొస్తాదప్పా? నేను ఈ ఊరికి రాకముందే, నువ్వు కడప ఆస్పత్రిలో పండుకోనున్నప్పుడే, ఈ పిల్లోళ్ళందరికీ నేర్పించింది మీ మహిమే గదా!"