మొన ఉన్న కత్తి

కొలిమి ముందు బల్ల మీద కూర్చున్న ముసలాయన తననే చూస్తున్నాడని బుట్టలవాడికి అనుమానం వచ్చింది.

చూస్తే చూడనీ అనుకున్నాడు. వచ్చింది కత్తి కొనడానికి.

అన్నదమ్ములిద్దరూ బుట్టలల్లే షెడ్డుకి ఆ ఉదయం కొత్త తాళం వేలాడుతోంది. అన్న వేశాడు. మాటమాత్రంగానైనా చెప్పలేదు. అసలు కొన్నాళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

"ఇవాళ వాడో నేనో తేలిపోవాలి" అని పెళ్ళాంతో చెప్పి మరీ బయలుదేరాడు.

"ఎంతది కావాలి బావా?" అన్నాడు కమ్మరి.

"ఉన్నవాటిలో పెద్దది. మొన ఉండాలి."

కమ్మరి గోడ మీది కత్తి తీసి ఇచ్చాడు. మూరెడు అలుగు. వీపు మందంగా ఉండి, అంచుకొచ్చేసరికి ఆకులా పలచబడింది. చేవదేరిన కొయ్య పిడి, ఎప్పటినుంచో తనదే అన్నట్టు చేతిలో ఒదిగిపోయింది.

"దీన్ని ఇంటికి తీసుకెళ్ళావంటే మా చెల్లెలు ముందు నీ చేత కూరగాయలు కోయిస్తుంది బావా!"

బుట్టలవాడు నవ్వలేదు.

"దేనికి నాయనా అంత కత్తి?" ముసలాయన గొంతు.

ఉలిక్కిపడ్డాడు. "వెదురు చీల్చడానికి."

"వెదురుకి మొన దేనికి?"

"నా డబ్బు, నా మొన. మధ్యలో నీకెందుకు పెద్దాయనా?"

ముసలాయన లేచి వచ్చి చెయ్యి చాపాడు. ఇవ్వకపోతే ఇంకా అనుమానపడతాడేమోనని బుట్టలవాడు కత్తి ఇచ్చాడు.

ఆయన అలుగుని గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కత్తి సన్నగా మోగింది. దాన్ని రెండు అరచేతుల మీదా పసిబిడ్డలా మోస్తూ వెలుగులోకి తిప్పి చూశాడు.

"ఏం పనితనం! ఇలాంటిది చేత్తో పట్టుకుని చాలా కాలమైంది. కానీ పిడి వదులుగా ఉంది."

"ఎక్కడ? రాయిలా ఉంటే!"

"వదులే. ఊడదీసి మళ్ళీ బిగించాలి."

అంతసేపూ ఆయన అక్కడ లేనట్టే పని చేసుకుంటున్న కమ్మరి మొదటిసారి తలెత్తి ఆయన్ని చూశాడు. తరవాత బుట్టలవాణ్ణి చూశాడు. మారుమాట లేకుండా కత్తి అందుకుని, లోపలి లక్క కరిగేదాకా వేడిచేసి, పిడి ఊడలాగేశాడు.

"ఇదేంటి బావా! దారినపోయే మనిషి ఏదో అంటే నువ్వూ..."

"కొత్త లక్క పొయ్యాలి. గట్టిపడాలి. రేపు పొద్దున రా."

"నాకు ఇవాళే కావాలి!"

"ఇవాళ చీల్చకపోతే కొంప మునిగే వెదురేం ఉంది నాయనా?" అన్నాడు ముసలాయన మెల్లగా.

బుట్టలవాడికి అంతా తెలిసిపోయినట్టనిపించింది. ఈయన అన్న తరఫు మనిషి. తన వెనకాలే కాపలా పంపాడు. ముందే కమ్మరితో కూడబలుక్కుని ఉంటారు.

పళ్ళు నూరుకుంటూ ఉత్త చేతులతో ఇంటిదారి పట్టాడు. మలుపు దగ్గర వెనక్కి తిరిగితే, ముసలాయన ఇంకా రోడ్డు మీదే నిలబడి చూస్తున్నాడు.

ఇంటి మెట్ల మీద అన్న కూర్చుని ఉన్నాడు.

బుట్టలవాడి పిడికిళ్ళు బిగుసుకున్నాయి.

"ఎక్కడ చచ్చావురా? పొద్దుటినుంచీ నీకోసం తిరుగుతున్నా" అంటూ అన్న ఒక తాళంచెవి చాపాడు. "రాత్రి ఎవరో షెడ్డు తాళం పగలగొట్టారు. కొత్తది కొనుక్కొచ్చి వేశా. ఇదిగో, నీ చెవి. నాతో మాట్లాడకపోతే మానెయ్, పనిలోకి మాత్రం రా."

బుట్టలవాడు అన్న పక్కనే మెట్టు మీద కూలబడ్డాడు.

"నా వెనకాల ముసలాయన్ని పంపింది నువ్వు కాదూ?"

"ఏ ముసలాయన్ని? ఎండదెబ్బ గానీ తగిలిందా?"

తెల్లారగానే కొలిమి దగ్గరికి పరుగెత్తాడు. కత్తి కోసం కాదు.

బల్ల ఖాళీగా ఉంది.

"ఆయనేడీ బావా?"

"వెళ్ళిపోయాడు. ఎటో తెలీదు." కమ్మరి కళ్ళు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. "ఆ పిడిలో వదులేం లేదు. నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు."

"ఒక్కసారి కాళ్ళకి దండం పెడదామని వచ్చాను. ఎవరు బావా ఆయన?"

కమ్మరి సమ్మెట కింద పెట్టాడు.

"మా పెదనాన్న. ఈ కొలిమిలో చేసిన కత్తితోనే సొంత తమ్ముణ్ణి, అంటే మా నాన్నని, పొడిచి చంపి జైలుకెళ్ళాడు. మొన్న వదిలేస్తే వచ్చి, లోపలికి రమ్మంటానేమోనని ఆ బల్ల మీదే కూర్చున్నాడు, నేను అనలేదు."