క్యాలెండరు మేకు

"ఇది వంటగది," అంది గంగారత్నం, తొట్లకొండ మీద మోకాలెత్తు ఇటుక గోడల మధ్య నిలబడి సముద్రాన్ని చూస్తూ.

"మరి నా గదేదమ్మా?" అంది కూతురు భానుశ్రీ నవ్వాపుకుంటూ.

భర్త సత్యమూర్తికి తల కొట్టేసినట్టయింది. రిటైరై కిరండూల్‌లో గనుల కంపెనీ క్వార్టరు ఖాళీ చేసేలోగా విశాఖ చూపిద్దామని తీసుకొస్తే, ఈవిడ ఏనాటివో బౌద్ధ భిక్షువుల శిథిలాల్లో కాపురం పెట్టేస్తోంది!

గంగారత్నం గోడ తడిమింది. "ఇక్కడ క్యాలెండరుకి మేకు కొట్టుకుంటా."

అటుగా వచ్చిన కాపలావాడు ఉలిక్కిపడ్డాడు. "మనది కాని గోడకి మేకేంటమ్మా?"

ఆమె గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. "తెలుసు బాబూ. పెళ్లైనప్పటి నుంచీ ఈయనా అదే మాట అంటున్నారు."

సత్యమూర్తి చెప్పులు విడిచి, లేని తలుపు తట్టాడు.

"రత్నం, మేకు ఎక్కడ కొట్టమంటావు?"