పలచన మాత్ర

“రక్తం పలచన చేసే మాత్రా? నాకొద్దమ్మా!” ఆస్పత్రి మంచం మీద ఓబులేసు మొహం పక్కకు తిప్పుకున్నాడు. “మా జేజినాయన రక్తం చుక్క పడితే చేన్లో బండ పగిలేది. ఆ వంశంలో పుట్టి నేను పలచనైతానా?”

“కాలిలో రక్తం గడ్డ కట్టింది తాతా. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే మోసం,” అంది నర్సు షమా. “మింగు. చిగుళ్ళలో రక్తం కనబడితే మాత్రం వెంటనే చెప్పు.”

“చూస్తివా, కారిపోతాదంట!”

భార్య రాజ్యలక్ష్మమ్మ మాత్ర అందుకుంది. “గుండెకని రెండేండ్లుగా నేను మింగుతాండేది ఇదే. చెప్తే బెదురుకుంటావని బలం మాత్ర అని చెప్తి. ఏమయ్యా, నీ ముందర నేనేమన్నా పలచనైనానా?”

ఈ రెండేండ్లలో ఆమె మీద గెలిచిన మాట ఓబులేసుకు ఒక్కటీ గుర్తు రాలేదు. మాత్ర మింగి, గొంతు తగ్గించి అడిగాడు.

“నీకెప్పుడన్నా రక్తం కారిందా మే?”

“నీతో అరిచి అరిచి గొంతు పోయింది గానీ, రక్తం పోలే.”