లైసెన్స్ చూశావా?

"లైసెన్స్ చూశావా లేదా? ముందు అది చెప్పు!"

ఆసుపత్రి వరండాలో అగస్టో సిల్వేరా వేసిన కేకకు అటుగా పోతున్న నర్సు ఆగి, పెదాల మీద వేలు పెట్టుకుంది. ఆయన ఖాతరు చేయలేదు. చేతికర్రను నేలకేసి కొట్టి మళ్లీ కూతురి వైపు తిరిగాడు.

ఒడెట్ తలెత్తలేదు. ఆమె చొక్కా మీద భర్త డెరిల్ నెత్తురు ఎండి అట్టకట్టింది. ఆ మధ్యాహ్నం మేడ మీద కొత్తగా కట్టించుకున్న చెక్క బాల్కనీలో డెరిల్ సాసేజీలు కాలుస్తున్నాడు. "ప్లేట్లు పట్రా" అని కేకేశాడు. ఆమె ప్లేట్లు తెచ్చేసరికి అక్కడ బాల్కనీ లేదు. గోడ నుంచి ఊడి, డెరిల్‌తో సహా కింద సిమెంటు మీద పడి ఉంది. ఇప్పుడు ఎదురుగా ఉన్న తలుపుల వెనక అతని వెన్నెముకకు ఆపరేషన్ జరుగుతోంది.

"చూశాను నాన్నా" అంది సన్నగా.

"ఏడ్చినట్టే ఉంది! చూస్తే ఇలా ఎందుకవుతుంది? ముప్పై ఏళ్లు ఈ వ్యాలీలో ఇళ్లు కట్టాను. నేను కట్టిన మెట్టొక్కటైనా ఊగిందా? లైసెన్స్ లేనివాడితో గోడకు మేకు కూడా కొట్టించుకోవద్దని చెప్పానా లేదా?"

చెప్పాడు. సూప్ చల్లారిపోతున్నా ఆదివారం ఆయన ఉపన్యాసం ఆగేది కాదు. మోకాళ్లు చెడి పని మానేసి తొమ్మిదేళ్లయినా, ఆ వీధిలో ఎవరు వంటగది బాగుచేయించుకోవాలన్నా ముందు ఆయన్నే అడుగుతారు. అలాంటి మనిషి కూతురే మోసపోయిందంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? అల్లుడి మీద బెంగ ఎంతుందో, ఆ అవమానమూ అంతే ఉంది ఆయనకు.

"చవగ్గా వస్తున్నాడని తెచ్చుకుని ఉంటావు."

"లేదు. ముగ్గుర్ని పిలిచాను. ఇద్దరి లైసెన్స్ గడువు దాటిపోయిందని పంపించేశాను. ఇతనొక్కడిదే సరిగ్గా ఉంది. ఎక్కువడిగినా ఇతనికే ఇచ్చాను."

"నన్నొక్క మాట అడగాల్సింది."

"అడిగాను నాన్నా. 'నేను మెట్లెక్కలేను, నాతో నీకేం పని, లైసెన్స్ బోర్డు వెబ్‌సైటులో నంబరు కొట్టి చూసుకో, అది అబద్ధం చెప్పదు' అన్నావు."

తను అన్న మాట గుర్తొచ్చి ఆయన కాస్త తగ్గాడు.

"ఏం పేరు వాళ్లది?"

"బ్లూ ఓక్ బిల్డర్స్."

"వినలేదే! ఈ వ్యాలీలో నాకు తెలియని బిల్డరా? ఒట్టి దొంగ కంపెనీ అది."

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, ఒడెట్ భుజం మీద చెయ్యి వేసింది. "ప్రాణానికి భయం లేదమ్మా. నడవడం సంగతి మాత్రం... ఆశ పెట్టుకోకపోవడమే మంచిది" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

ఒడెట్ కుర్చీలో కూలబడిపోయింది. "నేనే చేశాను. నా చేతులారా నేనే వాళ్లని పిలిచి ఇంట్లో పెట్టాను" అని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఫైరువాళ్లు చూపించారు నాన్నా. గోడకు బిగించే దూలానికి ఒక్క బోల్టు కూడా లేదు. అన్నీ మేకులే."

"మేకులా!" ముసలాయనకు ఒళ్లు మండిపోయింది. "బాల్కనీని మేకులతో నిలబెట్టాడా? ఆ వెధవని వదిలే ప్రసక్తే లేదు. జైల్లో కూర్చోబెడతాను. తియ్ ఫోను. ఆ పేజీ చదువు. దొంగ నంబరై ఉంటుంది, నా దగ్గరా వాళ్ల ఆటలు!"

కళ్లద్దాలు కంగారులో ఇంట్లో వదిలేసి వచ్చాడాయన. ఒడెట్ ముక్కు తుడుచుకుని ఫోన్ తీసింది.

"లైసెన్స్ చెల్లుబాటులో ఉంది."

"ఊఁ."

"పూచీ బాండు ఉంది. ఫిర్యాదులు ఒక్కటీ లేవు."

"ఊఁ. ఇచ్చిందెప్పుడు?"

"ఎనభై ఆరులో."

"మరి నీ దగ్గరికొచ్చినవాడి వయసెంత?"

"ముప్పై ఉంటాయేమో."

"చూశావా! వాడు పుట్టకముందే లైసెన్స్ ఇచ్చారా వాడికి? అప్పుడే అనుమానం రావద్దూ? అంటే ఆ లైసెన్స్ ఇంకెవరిదో..."

మాట మధ్యలోనే ఆగిపోయాడు.

ఒడెట్ అది గమనించలేదు. వేలితో తెర జరుపుతోంది. "కింద ఇంకో పేజీ ఉంది నాన్నా. లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందో అందులో ఉంటుందట. ఇన్నేళ్లలో ఇది చూడమని నువ్వెప్పుడూ చెప్పలేదే?"

"అది తెరవకు."

"ఎందుకు?"

"నంబరు చదువు ముందు." ఇందాక కేకలు వేసిన గొంతు కాదది.

"నాలుగు... తొమ్మిది... సున్నా..."

కన్నీళ్లు అడ్డొచ్చి ఆమె ఆగింది. మిగిలిన మూడంకెలూ అగస్టో చెప్పాడు, కళ్లు మూసుకుని.

ఒడెట్ తెర వైపు చూసింది. మూడూ సరిగ్గా ఉన్నాయి.

"నీకెలా తెలుసు నాన్నా?"

"అది నా నంబరే తల్లీ. పని మానేసి ఇంట్లో కూర్చున్నాక అద్దెకిచ్చాను... ఎవరు వాడుకుంటున్నారో ఒక్కసారి కూడా చూడలేదు."