పాప గదిలో కంప్యూటర్ వద్దు

"పాప గదిలో కంప్యూటర్ పెట్టడానికి వీల్లేదు," అంది జెరూషా.

"మరెక్కడ పెడతారు? వంటింట్లోనా?" అన్నాడు కృపాకర్.

"హాల్లో. తెర గుమ్మం వైపు ఉండాలి. వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడాలి."

"హాల్లో మా నాన్న ఉంటాడు. పొద్దస్తమానం టీవీయే."

"మరీ మంచిది. కాపలాకి జీతం కూడా ఇవ్వక్కర్లేదు."

తలుపు ఇవతల, హాల్లో కూర్చున్న దయానందం గారు ఈ మాట విని కుర్చీలో ఇబ్బందిగా కదిలారు. ఆయన కృపాకర్ తండ్రి. ఆయన పక్కన జెరూషా తల్లి రోజమ్మ. ఎదురుగా పాస్టరుగారు. ఆదివారం ఆరాధన కాగానే ముగ్గురూ టికియాపారాలోని ఈ రైల్వే క్వార్టర్‌కి చేరారు. బల్ల మీద వేడి సింగాడాలు, అదే బెంగాలీ సమోసాలు, ఉన్నాయి గానీ తినే ధైర్యం పాస్టరుగారికొక్కరికే ఉంది.

"ఏటిది పాస్టరుగారూ! మీరు ప్రార్థన చేసి ఆమెన్ అన్నారో లేదో, మొదలెట్టేసినారు," అంది రోజమ్మ.

"కూకుని మాటాడుకోండని మనమే కదమ్మా లోపలికి పంపినాం," అన్నారు పాస్టరుగారు.

"మావోడు మొండోడు, చెల్లెమ్మా," అని దయానందం గారు ముందే ఒప్పేసుకున్నారు.

"మా పిల్ల మాత్రం తక్కువ తిందా, అన్నయ్యగారూ!"

ముగ్గురి భయమూ ఒకటే. ఆ ఇద్దరూ చెరో దారి పట్టిపోతారేమోనని.

కృపాకర్ సెక్టర్ ఫైవ్ ఐటీ పేటలో ఆఫీసు కంప్యూటర్లకి తాళాలు బిగించే ఇంజినీరు. లోకంలో ప్రతిదానికీ పాస్‌వర్డ్ ఉండి తీరాలని అతని నమ్మకం. జెరూషా బళ్ళో కంప్యూటర్ టీచరు. ఇంటర్నెట్‌లో పిల్లలకి ఏ ఆపదా రాకుండా ఎలా చూసుకోవాలో నెలనెలా తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి చెబుతుంది. వీళ్ళకి మాట్లాడుకోవడానికి దొరక్క దొరక్క ఈ సంగతే దొరికింది.

"నాలుగు పాస్‌వర్డ్‌లు పెడతాను. చాట్ బంద్. కెమెరాకి ప్లాస్టర్ అంటిస్తాను," అంటున్నాడు కృపాకర్.

"మీ నాలుగూ పాప నాలుగు రోజుల్లో కనిపెట్టేస్తుంది. లేదంటే వీధి చివర సైబర్ కేఫ్‌కి పోతుంది. అక్కడికీ ప్లాస్టర్ పట్టుకెళ్తారా?"

"వెళ్తాను!"

"చూడండి, పేరు దగ్గర మీ మాటే నెగ్గింది. మీ నాయనమ్మ పేరు, దెబోరా, సరే అన్నాను. కంప్యూటర్ దగ్గర మాత్రం అనను."

"దెబోరా అని అసలు పేరుతో ఐడీ తెరిస్తే నేనొప్పుకోను. ఫోటో పెట్టకూడదు. బడి పేరు చెప్పకూడదు."

"హమ్మయ్య. ఇందాకట్నించీ ఇదొక్కటే పనికొచ్చే మాట."

రోజమ్మ నెత్తి కొట్టుకుంది. పక్క క్వార్టర్ బెంగాలీ ఆవిడ కిటికీలోంచి తొంగిచూసి, "కీ హోలో, దీదీ?" అని, ఏమైందో ఆరా తీసింది. "కిచ్ఛు నా, కిచ్ఛు నా," అని, ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపి రోజమ్మ కిటికీ తలుపు మూసేసింది.

లోపల కృపాకర్ గొంతు పెరిగింది.

"అవతలివాడు పదిహేనేళ్ళ కుర్రాణ్ణంటాడు. తీరా చూస్తే మీసాలు నెరిసినవాడై ఉంటాడు! అప్పుడేం చేస్తావు నువ్వు?"

"'మీరు' పోయి 'నువ్వు' దాకా వచ్చేసినాది, అన్నయ్యగారూ!" అంది రోజమ్మ, గుండె మీద చెయ్యేసుకుని.

"అప్పుడు పాప పరిగెత్తుకుంటూ మన దగ్గరకే రావాలి," అంది జెరూషా. "నాన్న అరుస్తాడని తెలిస్తే వస్తుందా?"

"నేను అరుస్తానా?"

"ఇప్పుడేం చేస్తున్నారు?"

కృపాకర్‌కి నిజంగానే సిగ్గేసింది. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "మా నాన్న అలాగే అరిచేవాడు. ఏ తప్పు చేసినా ఆయనకి చెప్పేవాణ్ణి కాదు."

దయానందం గారు తల దించుకున్నారు. రోజమ్మకి ఆయన మీద జాలేసి సింగాడా ఒకటి చేతిలో పెట్టింది.

"అయితే ఒక పని చేద్దాం," అంది జెరూషా. "పాప ఏం చెప్పినా ముందు వింటాం. తప్పు చేసినా సరే, ముందు వింటాం."

"తర్వాత తిడతాం."

"తర్వాత నేను తిడతాను. మీరెళ్ళి టీ పెట్టండి."

"నాకు టీ పెట్టడం రాదు."

దానికి ఆమె ఏమందో గానీ, సరిగ్గా అప్పుడే క్వార్టర్ వెనక నుంచి లోకల్ ట్రైన్ పోయింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. రోజమ్మ తలుపుకి చెవి ఆనించినా లాభం లేకపోయింది. ట్రైన్ పోయాక లోపలి నుంచి మాటలు లేవు, అలికిడి లేదు.

"ఐపోనాది," అన్నారు దయానందం గారు. "అంతా ఐపోనాది."

తలుపు తెరుచుకుంది. రోజమ్మ తూలి పడబోయి గోడ పట్టుకుంది.

"హాల్లోనే," అన్నాడు కృపాకర్, ఓడిపోయిన మొహం పెట్టి.

"తెర గుమ్మం వైపు," అంది జెరూషా. "కానీ పదమూడేళ్ళు నిండేదాకా చాట్ లేదు. అది ఆయన మాట."

"కెమెరాకి ప్లాస్టరు?" అని అడిగారు పాస్టరుగారు ఆసక్తిగా.

"అంటిస్తాం," అన్నారిద్దరూ ఒక్కసారే. అని, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు.

రోజమ్మ కళ్ళు తుడుచుకుంది. దయానందం గారు చేతిలోని సింగాడా గబగబా తినేసి, గొంతు సవరించుకుని, పాస్టరుగారి వైపు తిరిగారు.

"మరింకేటండీ, పిల్లా పిల్లడూ ఒకళ్ళకొకళ్ళు నచ్చినట్టే ఉన్నారు, వచ్చే నెల్లో పెళ్ళికి మన చర్చి ఎప్పుడు ఖాళీగా ఉంటాది?"